రఘుకి ఉత్తరం: టీకాలన్నీ వేయించినా కోరింత దగ్గు ఎందుకొచ్చింది?

ఒరేయ్ రఘూ,

పాపకి కోరింత దగ్గని తేలిందని నీ మెసేజ్ చూసినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. ఐదు రోజుల అజిత్రోమైసిన్ పూర్తిగా వేయించండి, మధ్యలో ఆపకండి. దాంతో పాప నుంచి ఇంకొకళ్ళకి అంటడం ఆగుతుంది. దగ్గు మాత్రం వెంటనే తగ్గదు, వారాలు పడుతుంది. గుక్క తిప్పుకోకుండా దగ్గి వాంతి చేసుకోవడం ఈ జబ్బు లక్షణమే, చెల్లెమ్మని టెన్షన్ పడొద్దని చెప్పు.

"ఐదు డోసులూ టైముకి వేయించాం కదరా, మరి ఎందుకొచ్చింది?" అని అడిగావు. ఫోన్లో తేలే మాట కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. నేను క్లాసులో చెప్పే పాఠాలన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది కూడా ఇదే.

మొదటి కారణం, టీకా ఇచ్చే రక్షణ ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మీ కాలిఫోర్నియా పిల్లల మీదే చేసిన పరిశీలన 2012లో వచ్చింది. ఐదో డోసు తర్వాత గడిచిన ఒక్కో ఏడాదికీ జబ్బు పడే అవకాశం సగటున 42 శాతం చొప్పున పెరుగుతూ పోయిందని అందులో తేలింది. పాపకి ఐదో డోసు నాలుగేళ్ళప్పుడు పడింది, ఇప్పుడు పదేళ్ళు. లెక్క నువ్వే వేసుకో. 2010లో మీ రాష్ట్రంలోనే తొమ్మిది వేలకు పైగా కేసులొచ్చాయి, పదిమంది పసిపిల్లలు పోయారు.

రెండో కారణం బ్యాక్టీరియా వైపు నుంచి వచ్చింది. మన చిన్నప్పటి డీపీటీ గుర్తుందా, తొడ వాచిపోయి, జ్వరమొచ్చి రాత్రంతా ఏడ్చేవాళ్ళం? అందులో చంపిన బ్యాక్టీరియా మొత్తం ఉండేది. ఆ బాధలు తగ్గించాలని జపాన్‌లో యూజి సాటో అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియాలోని కొన్ని ప్రోటీన్లు మాత్రమే వేరు చేసి కొత్త టీకా తయారుచేశాడు. 1981లో అక్కడ వాడకంలోకి వచ్చింది. అమెరికాలో 1997 నుంచి పసిపిల్లలకి కూడా అదే వేయమన్నారు. అందులో ఉండేది ఒకటి నుంచి ఐదు ప్రోటీన్లు, అంతే.

దొంగ ఆనవాళ్ళు పోలీసులకి చెప్పడం లాంటిదనుకో. పాత టీకా మనిషిని నిలువునా చూపించింది. కొత్తది చేతికి కడియం ఉంటుంది, జేబులో కత్తి ఉంటుంది అని రెండు మూడు గుర్తులు చెప్పింది. దొంగ కడియం తీసేశాడు.

ఆ కడియం పేరు పర్టాక్టిన్. బ్యాక్టీరియా ఒంటి మీద ఉండి, గొంతులోని కణాలకి అతుక్కోవడానికి సాయపడే ప్రోటీన్ ఇది. ఈ బ్యాక్టీరియా జన్యుపదార్థంలో ఐఎస్481 అనే చిన్న ముక్క ఒకటి రెండు వందలకు పైగా చోట్ల ఉంటుంది. అది అప్పుడప్పుడూ గెంతి ఇంకో చోట దూరుతుంది. పర్టాక్టిన్ జన్యువు మధ్యలో దూరిందా, ఇక ఆ ప్రోటీన్ తయారవదు. టీకా లేని లోకంలో ఇలాంటి బ్యాక్టీరియాకి ప్రత్యేకమైన లాభం ఉండదు. ఊళ్ళో అందరికీ పర్టాక్టిన్ మీద యాంటీబాడీలు ఉన్నప్పుడు మాత్రం అదే బతికిపోతుంది. ఫిలడెల్ఫియాలో 2011-12లో సేకరించిన 12 నమూనాల్లో 11 ఈ రకానివే. ఆస్ట్రేలియాలో 2008లో మొదట కనబడి నాలుగేళ్ళలోనే ఎక్కువ భాగం అదే అయిపోయింది. నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకొకటి. ఇది ఒక్క బ్యాక్టీరియా వంశం నుంచి పాకలేదు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు వంశాల్లో, జన్యువు వేర్వేరు చోట్ల తెగి, విడివిడిగా మళ్ళీ మళ్ళీ జరిగింది. ఒత్తిడి టీకా నుంచే వచ్చిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయినా ఇంకో సాక్ష్యం ఉంది. డెన్మార్క్ టీకాలో పర్టాక్టిన్ ఉండదు, బ్యాక్టీరియా వదిలే విషాన్ని హాని లేకుండా మార్చిన ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది. అక్కడ ఈ రకం చాలాకాలం అరుదుగానే ఉంది. జపాన్ 2012లో పర్టాక్టిన్ లేని టీకా తెచ్చాక, అక్కడ పర్టాక్టిన్ ఉన్న బ్యాక్టీరియాదే మళ్ళీ పైచేయి అయింది.

ఇక జేబులో కత్తి, అంటే ఆ విషం. దాన్ని వదులుకుంటే మన రక్షణ కణాలని ఆపడం కష్టం, అందుకే విషం లేని రకాలు చాలా అరుదు. వదులుకోలేదు సరికదా, పెంచుకుంది. నెదర్లాండ్స్‌లో దాదాపు పిల్లలందరికీ టీకాలు పడుతున్నా 1996లో జబ్బు విజృంభించింది. ఎందుకా అని ఫ్రిట్స్ మూయి అనే శాస్త్రవేత్త బృందం పాత, కొత్త నమూనాలు పోల్చి చూసింది. విషం తయారీని నడిపే జన్యుభాగంలో చిన్న మార్పు వచ్చి, ఆ కొత్త రకం ఎక్కువ విషం చేస్తోందని తేలింది. ఇది మొదలైంది పాత టీకా రోజుల్లోనే, 1980ల చివర్లో. కాబట్టి తప్పంతా కొత్త టీకాదే అనలేం.

కొత్త టీకా బలహీనత 2014లో బబూన్ కోతుల ప్రయోగంలో బయటపడింది. ఆ టీకా వేసిన కోతులకి దగ్గు రాలేదు గానీ గొంతులో బ్యాక్టీరియా వారాల తరబడి ఉండిపోయింది, పక్క కోతులకీ అంటింది. పాత టీకా వేసిన కోతుల్లో అది త్వరగా పోయింది.

ఇది చదివి మీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా "అందుకే టీకాలే వద్దు" అంటే ఊరుకోకు. టీకా వేయించుకున్న ఇద్దరు పిల్లలు చనిపోయాక 1975లో జపాన్ పాత టీకా ఆపింది. మళ్ళీ మొదలుపెట్టినా జనం పెద్దగా ముందుకు రాలేదు. 1979లో పదమూడు వేల కేసులు, 41 మరణాలు. పర్టాక్టిన్ లేని రకం వచ్చినా టీకా ప్రాణాలు కాపాడుతూనే ఉంది. మన పాప ఇంట్లోనే ఉండి దగ్గుతోందంటే, ఆసుపత్రి మెట్లెక్కలేదంటే, ఆ ఐదు డోసుల పుణ్యం కొంత ఉందనే నేను నమ్ముతాను.

నాకు అసలు భయం రెండు నెలల లోపు పిల్లల గురించి. వాళ్ళకి దగ్గు కూడా సరిగ్గా రాదు, ఊపిరి ఆగి నీలంగా మారతారు. మీ చెల్లికి ఏడో నెల కదా? ఇక్కడ ఇండియాలో గవర్నమెంటు ఆసుపత్రిలో గర్భిణులకి వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) ఇంజెక్షన్‌లో కోరింత దగ్గు భాగం ఉండదు. ఆ భాగం కూడా ఉన్న టీడ్యాప్ అని అడిగి వేయించుకోవాలి, 27 నుంచి 36 వారాల మధ్య అయితే మంచిది. తల్లి యాంటీబాడీలు బిడ్డకి చేరతాయి. ఇంగ్లండ్ 2012 నుంచి ఇదే చేస్తోంది, పసిపిల్లలకి దాదాపు 90 శాతం రక్షణ దొరికింది. ఆ తర్వాత బిడ్డకి ఆరు వారాలకే ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్ టీకా వేయించమను. మన ప్రభుత్వం ఇచ్చేది చంపిన బ్యాక్టీరియా మొత్తం ఉన్న టీకానే. ప్రైవేటు క్లినిక్‌లో "నొప్పి లేనిది ఉంది" అంటే అది ఆ కొత్త టీకానే, మొదటి మూడు డోసులకి ఒప్పుకోవద్దని నా మాటగా చెప్పు. ఒక రాత్రి జ్వరం వస్తే రానీ.

అజిత్రోమైసిన్ సంగతి ఒకటి మిగిలింది. చైనాలో ఈ మందుకి లొంగని రకం 2011లో బయటపడి ఇప్పుడు బాగా పాకింది, జపాన్‌లోనూ కనబడింది. ఐదు రోజులయ్యాక కూడా పాప పరిస్థితి దిగజారుతుంటే డాక్టరుని కల్చర్ (నమూనా తీసి బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) పెట్టించమని అడుగు. కోర్సు ఎప్పటితో అయిపోతుందో, చెల్లికి ఎన్నో వారం నడుస్తోందో రెండూ కనుక్కుని ఈ రాత్రికే మెసేజ్ పెట్టు.

నీ
మురళి