పెద్దపిల్లలకి పుట్టుకతోనే స్ట్రెస్ ఎక్కువ ఉంటదా? పేరెంట్స్‌కి ఒక లెటర్

పేరెంట్స్ అందరికీ నమస్తే,

ఫీజు డేట్లు, సెలవులు, యూనిట్ టెస్ట్ టైంటేబుల్ అన్నీ వెనుక పేజీల ఉన్నయి, ముందు పేజీ ఈసారి ఒక్క విషయానికే తీసుకున్న. పోయిన పేరెంట్స్ మీటింగ్‌ల ముగ్గురు నలుగురు అమ్మలు, ఒక తాతయ్య కూడా, కొంచెం అటు ఇటుగ ఒకటే మాట అడిగిన్రు. "మేడం, ఫస్ట్ పుట్టిన పిల్లలకి స్ట్రెస్ హార్మోన్ ఎక్కువ ఉంటదని రీసెర్చ్‌ల తేలిందట కదా, మా పెద్దమ్మాయి అందుకేనా అట్ల ముడుచుకొని కూసుంటది?" అని ఒకరు. "మావోడు చిన్నోడు మేడం, వాని ఒంట్లనే టెన్షన్ ఉండదట, ఎంత చెప్పినా చదువడు" అని ఇంకొకరు. ఒక అమ్మ అయితే హనుమకొండల కార్టిసాల్ (ఆ స్ట్రెస్ హార్మోన్ పేరే అది) టెస్ట్ ఏ ల్యాబ్‌ల చేస్తరో, ఎంత తీసుకుంటరో కనుక్కొనే వచ్చింది, చేయించమంటరా అని అడిగింది. ఆమె గొంతుల భయం విన్నంక ఇది ఇద్దరు ముగ్గురికి పక్కకు పిలిచి చెప్పే ముచ్చట కాదనిపించింది.

ముందుగాల కార్టిసాల్ అంటే ఏందో చూద్దాం. మన కిడ్నీల మీద చిన్న గ్రంథులు ఉంటయి, అడ్రినల్ గ్రంథులు అంటరు, ఈ హార్మోన్ అక్కడ తయారైతది. స్ట్రెస్ హార్మోన్ అని పేరు పడింది గానీ అది చెడ్డది కాదు, అది లేకుంటే బీపీ, షుగర్ సక్కగ నిలబడవు, పొద్దుగాల మంచంల నుంచి లేవడానికి కూడా అది కావాలె. నిద్ర లేచినంక అరగంట, ముప్పావుగంటల అది బాగ పెరుగుతది, తర్వాత మెల్లగ దిగుకుంట వచ్చి అర్ధరాత్రి టైంకి బాగ తక్కువైతది. ప్రతి ఆరోగ్యమైన పిల్లలకు రోజూ ఇట్లనే జరుగుతది. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి రేటు టైం చెప్పకుంట ఎంత అని అడిగితే జవాబు ఎట్ల ఉండదో, ఏ టైంకి తీసిన్రో చెప్పకుంట కార్టిసాల్ ఇంత అంటే దానికి కూడా అర్థం ఉండదు.

మన ఇండ్లల్లనే చూడున్రి. పెద్దమ్మాయి టెన్త్, తెల్లారి 5కే లేచి చదువుతది. తమ్ముడు ఫోర్త్ క్లాస్, 7 దాటినంక లేపితే గానీ లేవడు. స్కూల్‌కి వచ్చినంక 8 గంటలకి ఇద్దరి ఉమ్మి శాంపిల్ తీసుకున్నమనుకోండి (రీసెర్చ్‌ల పిల్లలకి సూది గుచ్చకుంట ఎక్కువగ ఉమ్మితోనే చూస్తరు), ఒకరు లేచి మూడు గంటలైంది, ఇంకొకరు లేచి గంట కూడా కాలే. ఇద్దరి నంబర్లు తేడా వస్తయి, రావాలె కూడా. దాన్ని పట్టుకొని "చూసినవా, పెద్దోళ్ళకు ఇట్ల, చిన్నోళ్ళకు అట్ల" అంటే ఎట్ల? అది లేచిన టైం తేడా. దానికి తోడు పెద్దపిల్ల వయసుల పెద్దది, పుబర్టీ మొదలైంది, ఆ వయసుల హార్మోన్లన్నీ మారుతనే ఉంటయి. రాత్రి నిద్ర లేకపోయినా, జ్వరం ఉన్నా, ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నా, శాంపిల్‌కి ముందు టీ తాగినా, బ్రష్ చేసేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా నంబర్ తప్పుతది. అందుకే మంచి రీసెర్చ్ చేసేటోళ్ళు ఒక్క శాంపిల్‌తోని మాట్లాడరు, రోజుకు నాలుగైదు సార్లు, కొన్ని రోజులు తీస్తరు, పిల్ల ఎన్నింటికి లేచిందో రాసిపెడతరు. ఇవేమీ చెప్పకుంట "హార్మోన్ ఎక్కువ ఉంది" అని ఒక్క ముక్క చెప్తే నేనైతే నమ్మను, మిమ్మల్ని కూడా నమ్మొద్దనే అంటున్న.

ఇంకో రకం టెస్ట్ కూడా ఉంది, 1993ల జర్మనీల ట్రియర్ అనే ఊర్ల తయారు చేసిన్రు. ముక్కు మొహం తెలియని ఇద్దరు ముగ్గురి ముందు నిలబెట్టి స్పీచ్ ఇయ్యమంటరు, తర్వాత నోటి లెక్కలు చెయ్యమంటరు, వాళ్ళు నవ్వరు, తల కూడా ఊపరు. మన అసెంబ్లీల ఫస్ట్ టైం మైక్ పట్టుకున్న పిల్ల పరిస్థితే అనుకోండి. మామూలుగ చాలామందికి ఈ టెస్ట్ తర్వాత కార్టిసాల్ పెరుగుతది. కానీ అదే మనిషిని మళ్ళ మళ్ళ పిలిస్తే చాలామందిల పెరుగుడు తగ్గుకుంట వస్తది, అలవాటైతది. అంటే ఈ నంబర్ మనిషి మీద ముద్ర వేసినట్టు శాశ్వతంగ ఉండేది కాదు. మీ పిల్లలు స్టేజ్ ఎక్కను అంటే "వాళ్ళ ఒళ్ళే అంత" అని వదిలేయకుండ్రి, రెండో సారి మూడో సారి ఎక్కనియ్యండి.

"లేదు మేడం, పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తంలనే చూసిన్రట" అని ఒకరు అన్నరు. సరే, అది కూడా చూద్దాం. మొదటి కాన్పు నొప్పులు సాధారణంగ ఎక్కువసేపు ఉంటయి, రెండో కాన్పు జల్ది అయితది, ఇది మన ఇంట్ల పెద్దమ్మలందరికీ తెలుసు. నొప్పులు పడి నార్మల్ డెలివరీ అయిన పిల్లల బొడ్డుతాడు రక్తంల కార్టిసాల్ ఎక్కువ ఉంటది, ముందే డేట్ చూసుకొని ఆపరేషన్ చేసిన పిల్లల్ల తక్కువ ఉంటది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణల నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, అప్పుడు దేశం మొత్తంల అన్నిటికన్న ఎక్కువ. మరి ఇక్కడ ఎవరన్నా పెద్ద చిన్న పిల్లల హార్మోన్లు పోల్చిన్రంటే ఏ కాన్పు ఎట్ల అయిందో చూడకుంట లెక్క కట్టొచ్చునా? అట్ల కట్టినా దొరికేది కాన్పు తేడా, అది ఆ పూట సంగతి, పదేండ్ల తర్వాత పిల్ల ఎట్ల ఉంటదో అది చెప్పదు.

హార్మోన్ సంగతి పక్కన పెట్టి, అసలు పుట్టిన వరుసతోని గుణం మారుతదా అంటే, ఈ మాట చానా పాతది. 1874లనే ఇంగ్లండ్‌ల ఫ్రాన్సిస్ గాల్టన్ గొప్ప సైంటిస్టుల్ల పెద్దకొడుకులు ఎక్కువ ఉన్నరని రాసిండు. కానీ ఆ కాలంల అక్కడ ఆస్తి పెద్దకొడుక్కే పోయేది, దాంతోని సౌకర్యం, టైం, పరిచయాలు అన్నీ వానికే దొరికేటివి. తర్వాత వియన్నా డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ పెద్దోడు ఇట్ల, నడిపోడు అట్ల, చిన్నోడు ఇంకోలా అని చెప్పిండు, అది ప్రపంచమంతా పాకింది, మన ఇండ్లల్లకు కూడా వచ్చింది. 1983ల స్విట్జర్లాండ్‌ల ఇద్దరు రీసెర్చర్లు, సెసిల్ ఎర్న్‌స్ట్, యూల్స్ ఆంగ్‌స్ట్, అప్పటిదాక వచ్చిన స్టడీలన్నీ ముందల వేసుకొని చూస్తే చాలావాటిల ఒకటే లోపం కనబడ్డది, కుటుంబం సైజు సరిగ లెక్కల తీసుకోలేదు. ఇది కొంచెం ఆగి అర్థం చేసుకోవాలె. నాలుగో పిల్ల అనేటామె నలుగురు ఉన్న ఇంట్లనే ఉంటది. మొదటి పిల్ల అయితే ఒక్కరున్న ఇంట్ల ఉండొచ్చు, నలుగురున్న ఇంట్ల ఉండొచ్చు. ఊరంతా తిరిగి మొదటోళ్ళందరినీ ఒకదిక్కు, నాలుగోళ్ళందరినీ ఒకదిక్కు పెట్టి పోలిస్తే మనం పోలుస్తున్నది వరుసను కాదు, చిన్న కుటుంబాలనూ పెద్ద కుటుంబాలనూ, చాలాసార్లు ఉన్నోళ్ళనూ లేనోళ్ళనూ. ఒకే ఇంట్ల అన్నదమ్ములను పోల్చినా చిక్కే, ఎందుకంటే పెద్దోడు ఎప్పుడూ వయసుల పెద్దోడే, పదిహేనేండ్లోడు పదేండ్లోనికన్న బాధ్యతగ ఉంటడు, అది వయసు.

ఈ లోపాలను చూసుకొని పెద్ద స్టడీలు 2015ల రెండు వచ్చినయి. అమెరికా, బ్రిటన్, జర్మనీల 20 వేల మందికి పైగ పెద్దవాళ్ళను చూసిన స్టడీల ఎమోషనల్ స్థిరత్వం మీద, అంటే తొందరగ టెన్షన్ పడుడు, ఆందోళన పడుడు మీద, పుట్టిన వరుస ప్రభావం కనబడలే. అమెరికాల 3 లక్షల 77 వేల మంది హైస్కూల్ పిల్లలను చూసిన ఇంకో స్టడీల గుణానికీ వరుసకూ సంబంధం సగటున 0.02 (సంబంధమే లేకుంటే 0, పూర్తిగ ఉంటే 1), మనిషిని చూసి గుర్తుపట్టేంత తేడా కాదది. తెలివి విషయంల మాత్రం చిన్న తేడా ఉంది, ఆ స్టడీల ఒక ఐక్యూ పాయింట్ అంత.

నన్ను బాగ ఆలోచింపజేసింది మాత్రం 2007ల నార్వేల వచ్చిన స్టడీ. మిలిటరీల చేరే వయసుల ఉన్న 2 లక్షల 40 వేల మందికి పైగ అబ్బాయిల ఐక్యూ చూసిన్రు, మొదటోళ్ళకీ రెండోళ్ళకీ రెండు పాయింట్లకు పైగ తేడా వచ్చింది. అయితే అందుల కొందరు రెండోళ్ళు ఉన్నరు, వాళ్ళకన్న ముందు పుట్టిన అన్నో అక్కో పసితనంలనే పోయిన్రు, అంటే కడుపుల రెండో కాన్పే గానీ ఇంట్ల పెరిగింది మాత్రం పెద్దోళ్ళుగ. వాళ్ళ మార్కులు మొదటోళ్ళ లెక్కనే వచ్చినయి. అంటే ఆ చిన్న తేడా కూడా కడుపులకెళ్ళి రాలే, పెంచినదాంట్లకెళ్ళి వచ్చింది. మన దేశం గురించి 2017ల సీమా జయచంద్రన్, రోహిణి పాండే రాసిన పేపర్ ఉంది, పిల్లల ఎత్తు మీద. ఇండియాల మొదటి పిల్లలు ఆఫ్రికా పిల్లలకన్న పొట్టిగ లేరు, రెండో పిల్ల నుంచి వెనుకబడుడు మొదలైతది, తర్వాత ఇంకా పెరుగుతది. కారణం వాళ్ళు చూపెట్టింది కొడుకు మీద, అందుల పెద్దకొడుకు మీద మోజు, తిండి, శ్రద్ధ అటు పోవుడు. కాబట్టి వరుసకు అసలు విలువే లేదని నేను అంటలేను. వరుసను బట్టి మనం పిల్లలతోని ఎట్ల ఉంటమో దానికి చానా విలువ ఉంది, దాన్ని మార్చుకోవచ్చు. హార్మోన్ మీద వేస్తే మార్చుకునేది ఏమీ లేదనిపిస్తది, అందుకే ఈ మాట నన్ను ఇంత బాధ పెడుతది.

మన స్కూల్‌ల ఒక పెద్దపిల్ల సాయంత్రం తమ్ముని బ్యాగు మోసుకుంట, వాని హోంవర్క్ చెప్పుకుంట, ఇంటికి పోయినంక బియ్యం కడుగుడు కూడా తనే చేస్తది. అలిసిపోయి క్లాస్‌ల మాట్లాడదు. ఆ పిల్లకు టెస్ట్ చేయిస్తే ఏం తెలుస్తది? పని సగం తమ్మునికి పంచితే చాలా తెలుస్తది.

పోయిన వారం నైన్త్ క్లాస్‌ల మా సైన్స్ సార్ ఒక మంచి పని చేసిండు. పిల్లలను పెద్దోళ్ళు, నడిపోళ్ళు, చిన్నోళ్ళు, ఒక్కతే సంతానం అని గుంపులు చేసి, అందరితోని రూపాయి బిళ్ళలు ఎగరేయించిండు. కుడిచేత్తోని, ఎడమచేత్తోని, నిలబడి, కూసొని, కండ్లు మూసుకొని, ఇట్ల చానా రకాలుగ. ఎడమచేత్తోని వేస్తే నడిపోళ్ళకు బొమ్మ మస్తు ఎక్కువ పడ్డది! పిల్లలు బోర్డు మీద "నడిపి పిల్లల ఎడమచేతిల లక్కు ఉంది" అని రాసి గంతులేసిన్రు. తెల్లారి అదే మళ్ళ వేయించిండు, లక్కు మాయమైంది. అన్ని రకాలుగ వెతికితే ఏదో ఒకటి ఊరికెనే దొరుకుతది. నిజంగ ఏ తేడా లేకున్నా, ఇరవై కొలతలు చూస్తే ఒకటన్నా "తేలింది" అనేటట్టు కనబడుడు మామూలే. హార్మోన్ స్టడీలల్ల పొద్దుగాలది, రాత్రిది, పరీక్ష ముందటిది, తర్వాతది, అబ్బాయిలు వేరు, అమ్మాయిలు వేరు అని కొలతలు చానా ఉంటయి, కుదిరినది ఒక్కటే బయటికి చెప్తే మనకు తెల్వదు. 2015లనే సైకాలజీల పేరున్న 100 స్టడీలను వేరేవాళ్ళు మళ్ళ చేసి చూస్తే నూటికి 36 మాత్రమే మొదటి లెక్క నిలబడ్డయి. కాబట్టి కొత్త మాట ఏది విన్నా రెండోసారి ఎవరన్నా చేసి చూసిన్రా అని అడగండి, అడిగితే తప్పు కాదు.

బ్లడ్ టెస్ట్ సంగతి అడిగిన అమ్మకు జవాబు ఇక్కడ అందరి ముందట చెప్తున్న. డాక్టర్లు కార్టిసాల్ టెస్ట్ రాసేది అడ్రినల్ గ్రంథుల జబ్బులు అనుమానం వచ్చినప్పుడు, కుషింగ్ (కార్టిసాల్ మరీ ఎక్కువయ్యే జబ్బు), అడిసన్ (మరీ తక్కువయ్యే జబ్బు) లాంటివి. పిల్ల స్ట్రెస్‌ల ఉందా లేదా చెప్పే టెస్ట్ కాదది. డాక్టర్ చెప్పకుంట మీ అంతట మీరు చేయించకుండ్రి. పిల్ల సరిగ నిద్రపోతలేదా, తింటలేదా, మాటిమాటికి తలనొప్పి, కడుపునొప్పి అంటున్నదా, ఫ్రెండ్స్‌ను వదిలేసిందా, ఇవి చూడండి. కొన్ని వారాలు ఇట్లనే ఉంటే క్లాస్ టీచర్‌కి చెప్పండి, లేకుంటే 14416కి ఫోన్ చేయండి, అది సర్కారు టెలీ మానస్ హెల్ప్‌లైన్, పైసలు ఉండవు, తెలుగుల మాట్లాడతరు. వరంగల్ ఎంజీఎం సర్కారు హాస్పిటల్‌ల సైకియాట్రీ (మనసు సంగతి చూసే) డాక్టర్లు ఉన్నరు, అక్కడికి పోతే పిచ్చి అని ఎవరూ రాయరు, పిల్ల కన్న పేరు పెద్దది కాదు.

స్కూల్ నుంచి మేము చేసేది కూడా చెప్తున్న. ఇకమీద డైరీల గానీ మీటింగ్‌ల గానీ "మీ అక్క ఎట్ల చదివింది, నువ్వెందుకు ఇట్ల" అనే మాట టీచర్లు అనరు, స్టాఫ్ మీటింగ్‌ల అందరం ఒప్పుకున్నం, ఎవరన్నా అంటే నాకు డైరెక్టుగ చెప్పండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌ల నైన్త్ పిల్లలు ఆ రూపాయి బిళ్ళల లెక్క చార్ట్ పెట్టి మీకు చూపెడతరు, మీతోని కూడా వేయిస్తరు, అరగంట ఎక్కువ టైం పెట్టుకొని రండి. ఇద్దరు పిల్లలు ఇక్కడనే చదివేటోళ్ళు ఈసారి ఒకరి క్లాస్ టీచర్‌తోని మాట్లాడేటప్పుడు ఇంకొకరి పేరు తీయకుంట మాట్లాడి చూడండి.

ఉంట మరి,
మీ హెడ్‌మిస్ట్రెస్