గాజీలు వేరు, ఖలీఫా సైన్యం వేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో అబ్బాసీ ఖలీఫాల కాలం గురించి వచ్చిన వ్యాసం చదివాను. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) సరిహద్దుకు తమంతట తాము వెళ్లి పోరాడినవారందరినీ ఖలీఫా ఆజ్ఞ మీద కదిలిన సైన్యంగా అందులో చిత్రించారు. చాలాకాలం చరిత్ర పాఠాలు చెప్పినవాడిగా, ఈ పొరపాటును సరిదిద్దడం అవసరమని భావిస్తున్నాను.

అరబ్బీలో ముతతవ్విఆ అని పిలిచిన ఈ స్వచ్ఛంద యోధుల పేర్లు దివానులోని (ప్రభుత్వ కార్యాలయంలోని) జీతాల పట్టీలో ఉండేవి కావు. సొంత ఖర్చుతోనో దాతల సాయంతోనో వారు టార్సస్, మస్సీసా వంటి సరిహద్దు పట్టణాలకు చేరేవారు. పెద్ద నగరాలు తమ ఊరి గాజీల (మతం కోసం పోరాడే యోధుల) బస కోసం టార్సస్‌లో ఇళ్లు ఏర్పాటు చేసి, వాటి పోషణకు వక్ఫు (ధర్మకార్యాలకు అంకితం చేసిన) ఆస్తులు కేటాయించాయని పదో శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ హౌకల్ రాశాడు. (కొల్లసొమ్ము మీద ఆశ లేనివారే అక్కడికి వెళ్లారని నేననడం లేదు.)

వారు మాట విన్నది ముఖ్యంగా హదీసు (ప్రవక్త మాటలు, చేతల వృత్తాంతాల) పండితులది. మధ్య ఆసియాలోని మెర్వ్‌కు చెందిన పండితుడు, వర్తకుడు అబ్దుల్లా ఇబ్నుల్ ముబారక్ స్వయంగా సరిహద్దులో పోరాడి, జిహాద్ మీద గ్రంథం కూర్చి, 797లో యూఫ్రటీస్ ఒడ్డునున్న హీత్‌లో మరణించాడు. ఆయన సమకాలికుడు అబూ ఇస్‌హాక్ అల్ ఫజారీ మస్సీసాలో స్థిరపడి సరిహద్దు జనానికి యుద్ధధర్మాలు బోధించాడు. ఈ ప్రతిష్ఠలో తనకూ వాటా కావాలనుకున్నాడు కాబోలు, ఖలీఫా హారూన్ అల్ రషీద్ స్వయంగా దండయాత్రలు నడిపి, 806లో ‘గాజీ, హాజీ’ అని రాయించిన టోపీ పెట్టుకున్నాడని చరిత్రకారుడు తబరీ చెబుతాడు.

స్వచ్ఛంద యోధులకూ పాలకుడికీ మధ్య ఉన్న చిక్కు బాగ్దాదులో 817లో బయటపడింది. ఖలీఫా మామూన్ దూరాన మెర్వ్‌లో ఉండగా నగరంలో దౌర్జన్యపరులు చెలరేగిపోయారు. వారిని అణచడానికి పేటల జనమే ముతతవ్విఆగా ఏర్పడ్డారు. వారి నాయకుల్లో ఖాలిద్ అల్ దర్యూష్ పాలకుడిని తప్పుపట్టబోమని, అతనితో పోరాడబోమని అన్నాడు. మెడలో ఖురాన్ వేలాడదీసుకుని తిరిగిన సహ్ల్ ఇబ్న్ సలామా మాత్రం ఖురాన్‌నూ ప్రవక్త ఆచరణనూ (సున్నతునూ) ఉల్లంఘించినవాడు పాలకుడైనా సరే పోరాడతానన్నాడు. ఒకే ఏడాది, ఒకే నగరం, ఒకే పేరున్న దళాలు. అయినా మతాధికారం ఎవరిదన్న ప్రశ్నకు రెండు విరుద్ధమైన జవాబులు! మరుసటి ఏడాది సహ్ల్ పట్టుబడ్డాడు గాని ఆ ప్రశ్న చెరసాలలో ముగియలేదు. తూర్పు ఇరాన్ ప్రాంతమైన సీస్తాన్‌లో ఖారిజీలతో (ఖలీఫాల అధికారాన్ని ఒప్పుకోని తిరుగుబాటు మతవర్గంతో) పోరాడిన స్వచ్ఛంద దళాల నుంచి ఎదిగి 861లో అక్కడ అధికారం చేపట్టిన యాకూబ్ ఇబ్న్ లైస్, 876లో ఏకంగా ఖలీఫా మీదికే దండెత్తి, బాగ్దాదుకు చేరువలోని దైరుల్ ఆఖూల్ వద్ద ఓడిపోయాడు.

ఆజ్ఞాబద్ధులైన సైనికులుగా వ్యాసం పేర్కొన్న వర్గం నుంచే ఖలీఫాతో యుద్ధం చేసినవాడూ వచ్చాడన్నమాట. కాబట్టి రాబోయే సంచికలో ఈ తేడాను వివరిస్తూ సవరణ ప్రచురించాలని, స్వచ్ఛంద యోధులకూ జీతపు సైన్యానికీ ఇకమీదట వేర్వేరు మాటలు వాడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
కర్నూలు