కురిసే మంచు వేరు, జారే మంచు వేరు

సంపాదకుడు గారికి,

చలికాలం మొదలైతే పత్రికల్లో ‘హిమపాతం’ అన్న మాట రెండు అర్థాల్లో కనిపిస్తుంది. ‘భారీ హిమపాతం, రహదారుల మూసివేత’ అంటే మంచు కురిసిందని. ‘హిమపాతంలో పర్వతారోహకుల మృతి’ అంటే కొండవాలు మీద పేరుకున్న మంచు విరిగి కిందికి జారిందని. రెంటికీ ఒకే మాట వాడితే చదివేవారికి కురవడమే ప్రమాదమనీ, కురవడం ఆగితే గండం గడిచిందనీ అనిపిస్తుంది. కానీ మబ్బు విడిచి ఎండ కాసిన మొదటి రోజే ఎక్కువమంది కొండెక్కుతారు. లోపలి పొరలు ఇంకా కుదురుకోని రోజు కూడా అదే. అందుకే కురిసేదాన్ని ‘మంచు కురవడం’ అనీ, జారేదాన్ని ‘మంచు చరియ’ అనీ విడదీసి రాయమని మనవి. అసలే మన భాషలో పొగమంచూ, గడ్డి మీది బిందువూ, కొండ మీది మంచూ అన్నీ మంచే. ఈ ఒక్క చోటైనా తేడా చూపకపోతే నష్టం ప్రాణాలకు.

రెండో విషయం ‘ప్రకృతి ప్రకోపం’, ‘ఉన్నట్టుండి విరుచుకుపడింది’ లాంటి మాటల గురించి. సరదాగా కొండలెక్కేవారిని, మంచు మీద స్కీయింగ్ చేసేవారిని బలిగొన్న చరియల్లో పదింట తొమ్మిదింటిని కదిపింది ఆ చిక్కుకున్నవారో, వారి జట్టువారో. పైనుంచి ఏదో వచ్చి పడలేదు, కాలి కింది మంచే విరిగింది. అది విరగాలంటే గింజలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని పలకలా మారిన పై పొర ఉండాలి, దాని కింద బలహీనమైన పొర ఉండాలి, వాలు 30 డిగ్రీలు దాటాలి, ఆపైన ఓ మనిషి బరువు పడాలి. పలక చరియల్లో అత్యధికం 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే మొదలవుతాయి. అంతకన్నా నిటారుగా ఉంటే మంచు అంతగా నిలవదు, కురిసింది కురిసినట్టే రాలిపోతుంది.

ఇందులో కంటికి కనిపించనిది బలహీన పొర. ఆకాశం తేటగా ఉన్న చలి రాత్రి మంచు మీద ఈకల్లాంటి స్ఫటికాలు మొలుస్తాయి. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటాయి. వాటి మీద కొత్త మంచు పడితే నిలబెట్టిన పేకముక్కల మీద బల్ల పెట్టినట్టే. మరో రకం మంచు పలుచగా ఉన్నచోట తయారవుతుంది. అడుగున నేల సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పైన గాలి ఎంతో చల్లగా ఉంటుంది. ప్రతి 10 సెంటీమీటర్ల మందానికి ఒక డిగ్రీకి మించి తేడా ఉంటే గింజలు ఒకదాన్నొకటి వదిలేసి పంచదార పలుకుల్లా మారతాయి. పిడికిట్లో ఎంత నొక్కినా ఉండ కట్టవు. ఈ పొర వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. కాబట్టి ‘నాలుగు రోజులుగా మంచు కురవలేదు’ అన్నది భరోసా కాదు.

గాలి చేసే పని వార్తల్లో దాదాపు కనిపించదు. శిఖరానికి ఒక పక్క మంచును ఎత్తి రెండో పక్క చాటు వాలు మీద పోస్తుంది. ఆకాశం నుంచి ఒక్క రేకు రాలకుండానే కొన్ని గంటల్లో మందపాటి పలక తయారవుతుంది. శిఖరరేఖ మీద చూరులా వేలాడే మంచూ గాలి కట్టిందే. ఆ చూరు వేలాడే భాగం దగ్గరే తెగుతుందని అనుకుంటారు. చాలాసార్లు అంతకన్నా ఎంతో వెనక, గట్టి నేల అనుకుని నిలబడ్డచోట తెగుతుంది. ముందు వెళ్లినవారి అడుగులు కనిపించాయంటే వారి కింద విరగలేదని మాత్రమే అర్థం.

ఇక ప్రమాద స్థాయి. చరియల హెచ్చరికలు ఇచ్చే దేశాలు చాలావరకు 1 నుంచి 5 దాకా అంకెలు వాడతాయి. 3 అనగానే ‘మధ్యస్థం, ఫర్వాలేదు’ అనుకోవడం సహజం. అసలు పొరపాటు ఇక్కడే. మెట్టు మెట్టుకూ ప్రమాదం సమానంగా పెరగదు, ఇబ్బడిముబ్బడిగా పెరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో చలికాలం రోజుల్లో దాదాపు మూడో వంతు 3వ స్థాయిలోనే ఉంటాయి, చరియల మరణాల్లో దాదాపు సగం ఆ రోజుల్లోనే జరుగుతున్నాయి. 4, 5 స్థాయిల్లో చాలామంది ఇల్లు కదలరు, 3లో బయల్దేరతారు. అంకె ఒక్కటే అచ్చువేస్తే సగం మాటే చెప్పినట్టు. ఏ దిక్కు వాలులు, ఎంత ఎత్తుకు పైన, గాలి పలకా, పాత బలహీన పొరా, తడి మంచా అన్నది పక్కనే ఉండాలి. హిమానీనదాల అంచున వేలాడే ఐస్ గుట్టలు కూలడం ఈ అంకెలోకి రాదని కూడా రాయాలి. ఐస్ కదలిక వల్ల అవి అర్ధరాత్రి గడ్డకట్టే చలిలోనూ కూలతాయి.

గడ్డకట్టిన జలపాతాలు ఎక్కేవారి సంగతి వేరుగా చెప్పాలి. వారి చూపంతా ఐస్ మీదే ఉంటుంది. కానీ జలపాతం ఉన్నదంటే పైనున్న పెద్ద గిన్నెలాంటి వాలు నీళ్లన్నీ అక్కడికి దిగుతాయని అర్థం, మంచూ ఆ దారినే దిగుతుంది. ఎక్కేవారు నీడలో, సున్నాకు పది డిగ్రీల కింద ఉంటారు. అదే సమయానికి వారికి కనిపించని పై వాలు ఎండకు మెత్తబడుతూ ఉంటుంది. అక్కడ 20 సెంటీమీటర్ల మందం జారినా చాలు, గరాటులో పడ్డట్టు వచ్చి మనిషిని ఊడబెరుకుతుంది. కింద తాడు పట్టి నిలబడేవారు జలపాతం వరసలో కాక, పక్కన రాతి చాటున నిలవాలి. ఐస్ కూడా రోజుకో తీరుగా ఉంటుంది. చలి ఒక్కసారిగా పెరిగితే పెళుసుబారి గొడ్డలి దెబ్బకు పళ్లేలుగా పగులుతుంది, విడిగా నిలబడ్డ స్తంభాలు లోపలి బిగువుకే విరుగుతాయి. చలి తగ్గితే రాతికీ ఐస్‌కూ మధ్య నీరు చేరి పట్టు వదులుతుంది. తాడు తగిలించడానికి ఐస్‌లోకి తిప్పే స్క్రూ దిగినంత మాత్రాన ఐస్ గట్టిదని కాదు. పైనున్న బుడగల పొర చెక్కేసి గట్టిదానిలో బిగించాలి.

వార్తల్లో సహాయక బృందాల గురించి వివరంగా రాస్తారు, అది మంచిదే. కానీ కూరుకుపోయినవారిలో మొదటి పది నిమిషాల్లో బయటపడ్డవారు 90 శాతానికి పైగా బతుకుతారు, అరగంట దాటేసరికి ముగ్గురిలో ఒకరే మిగులుతారు. ఎక్కువమంది పోయేది ఊపిరాడకే. హెలికాప్టర్ ఎంత త్వరగా బయల్దేరినా ఆ పది నిమిషాల్లో చేరలేదు, పక్కనున్న జట్టే కాపాడాలి. అందుకే ప్రతి ఒక్కరి ఒంటి మీద 457 కిలోహెర్ట్జ్ బీకన్ (కూరుకుపోతే రేడియో సిగ్నల్ పంపేది, ఇతరుల సిగ్నల్‌ను వెతకడానికీ పనికొచ్చేది), సంచిలో లోహపు పార, మడత విప్పే పొడవాటి శోధన కడ్డీ ఉండాలి. వస్తువులు ఉండీ తప్పులు జరుగుతుంటాయి. బీకన్ ఉన్న జేబులోనే ఫోన్ పెడతారు, అది సిగ్నల్‌కు అడ్డు. సిగ్నల్ పంపేటప్పుడు రెంటి మధ్య 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉండాలి. వెతికేటప్పుడు జట్టులో ఒక్కరు బీకన్‌ను వెతికే స్థితికి మార్చడం మరిచినా మిగతావారంతా వారి చుట్టూనే తిరుగుతారు. సిగ్నల్ బలంగా ఉన్నచోటి నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో, సుడి తిరిగినట్టు, మంచు ఉపరితలానికి లంబంగా కడ్డీ గుచ్చుకుంటూ పోవాలి. తగిలాక కడ్డీ తీయకూడదు. నెత్తి మీద నిలువుగా తవ్వితే ఊపిరికి మిగిలిన కాస్త చోటూ కూలుతుంది. లోతుకు ఒకటిన్నర రెట్లు వాలు కిందికి జరిగి, అడ్డంగా తవ్వుకుంటూ రావాలి. ముందు ముఖం, తర్వాత ఛాతీ బయటపెట్టాలి.

ఇకముందు ఇలాంటి వార్త రాసేటప్పుడు ఆ రోజు ప్రమాద స్థాయి, వాలు దిక్కు, వాలు కోణం, అంతకుముందు మూడు రోజుల గాలి, వారి దగ్గర బీకన్లు ఉన్నాయో లేదో రాయమని కోరుతున్నాను. పోయినవారిని తప్పుపట్టడానికి కాదు, వెళ్లబోయేవారికి పనికొస్తుంది. ‘నడుస్తుంటే కాలి కింద ధప్‌మని కుంగిన చప్పుడు వచ్చింది’, ‘పాదాల ముందు బీట పరుగెత్తింది’ అని బతికినవారు చెబితే దాన్ని కత్తిరించకండి. అంతకు మించిన హెచ్చరిక కొండ ఇవ్వదు. ఇవన్నీ మొదటి రోజే దొరక్కపోవచ్చు. తర్వాత నిపుణులు చరియ తెగిన అంచు దగ్గర గుంట తవ్వి, పొరలు చూసి కారణం చెబుతారు. ఆ రెండో వార్తకు కూడా మొదటి వార్తకు ఇచ్చినంత చోటు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు