మొదటి రోజు ఫొటోతోనే సరిపెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

కుక్కల షెల్టర్ల గురించి పత్రికల్లో ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. చోటు చాలడం లేదని, తిండికి డబ్బుల్లేవని, పెంచుకున్నవాళ్లే తెచ్చి వదిలేసి పోతున్నారని. అన్నీ నిజమే. వాటి పక్కన నేను రాసే విషయం చిన్నదిగా కనిపించవచ్చు. షెల్టర్లు పెట్టే ఫొటోల గురించి నేను రాస్తున్నాను.

నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఒక షెల్టర్‌కు వెళ్లి కుక్కల ఫొటోలు తీస్తున్నాను. కుక్కను తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడు నేరుగా షెల్టర్‌కు రావడం తక్కువ. ముందు ఫోన్‌లో చూస్తారు. వేలితో జరుపుకుంటూ పోతుంటే ఒక్కో కుక్కకు దక్కేది రెప్పపాటు సమయం. అక్కడ వేలు ఆగలేదంటే కింద రాసిన పేరు, వయసు, వేయించిన టీకాలు, పిల్లలతో ఎంత బాగుంటుందో చెప్పే నాలుగు మాటలు ఎవరూ చదవరు.

ఆ ఫొటో ఎప్పుడు తీసిందో చూడండి. కుక్క షెల్టర్‌కు వచ్చిన రోజే, రిజిస్టర్‌లో ఎక్కించడం కోసం. అప్పుడే బండిలోంచి దించి ఉంటారు. అన్నీ తెలియని వాసనలు, పక్క బోనుల్లోంచి ఒకటే అరుపులు. చెవులు వెనక్కి అణుచుకుని, తోక కాళ్ల మధ్య దాచుకుని మూలకు నక్కి ఉంటుంది. బయట నిలబడే, పైనుంచి ఫ్లాష్ వేసి తీసేస్తారు. ఫోకస్ చువ్వల మీద పడుతుంది. కళ్లు పచ్చగా మండుతున్నట్టు వస్తాయి. చీకట్లో చూడటానికి కుక్క కంటి వెనక ఒక పొర ఉంటుంది, అది వెలుగును తిప్పికొడుతుంది, అంతే. కానీ చూసేవాళ్లకు ఆ కుక్క కరిచేలా కనిపిస్తుంది. దాని బతుకులోకెల్లా చెడ్డ రోజున తీసిన ఆ ఫొటోనే తర్వాత నెలల తరబడి ‘దత్తతకు సిద్ధం’ అన్న మాట పక్కన ఉండిపోతుంది.

నేను అడిగేది ఒక్కటే. రిజిస్టర్ ఫొటో రిజిస్టర్‌లోనే ఉండనివ్వండి. కుక్క కాస్త కుదుటపడ్డాక రెండో ఫొటో తీసి, జనానికి అది చూపించండి.

మా షెల్టర్‌లో ఒక నల్ల కుక్క ఉండేది. ఆడది, ఆరేళ్లు దాటింది. ఏడు నెలలు దాన్ని అడిగినవాళ్లు లేరు. మొదటి ఫొటోలో దానికి ముఖమే లేదు. వెనక గోడ తెల్లగా ఉంటే ఫోన్ ఆ తెలుపును బట్టి వెలుగు తగ్గించేస్తుంది, నల్ల కుక్క ఒట్టి నీడలా మిగిలిపోతుంది. ఒక ఆదివారం ఉదయం దాన్ని బయటికి తీసుకెళ్లి అరగంట నడిపించాను. తర్వాత ముఖం మీద వెలుగు మెత్తగా పడేలా ఒక చెట్టు నీడ అంచున ఆపి, దాని కళ్ల ఎత్తుకు కెమెరా వచ్చేలా నేల మీద బోర్లా పడుకున్నాను. అది ముఖం తిప్పేసుకుంది. పెదాలు నాక్కుంది, ఆవలించింది. కుక్క అలా ఆవలిస్తే నిద్ర వస్తోందని కాదు, బెదురుతోందని. లెన్స్ దానికి కన్నార్పకుండా చూసే పెద్ద కన్నులా ఉంటుంది. కెమెరా పక్కన పెట్టి నేనూ చూపు తిప్పుకున్నాను. పావుగంట పోయాక అదే వచ్చి కెమెరాను వాసన చూసింది, తర్వాత నా మోచేతిని. అప్పుడు నా వెనక నిలబడ్డ అమ్మాయి తాళాల గుత్తి ఒక్కసారి గలగలమనిపించింది. చెవులు లేచాయి, తల పక్కకు వాలింది. ఆ క్షణం దొరికింది. తీరా చూస్తే కళ్లు నల్లవి కావు, తేనె రంగువి. గడ్డం కింద తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వచ్చాయి.

పదకొండో రోజున ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఆవిడ ఫోన్‌లో ఆ ఫొటో తెరిచి పట్టుకునే లోపలికి వచ్చారు. “ఈ తెల్ల గడ్డం ఆవిడ ఎక్కడుందమ్మా?” అని అడిగారు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఆన్‌లైన్‌లో పెట్టే ఫొటోలకూ, కుక్కలకు ఎంత త్వరగా ఇల్లు దొరికిందన్నదానికీ సంబంధం ఉందా అని వెతికిన పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. స్పష్టంగా ఉన్నవి, ఆరుబయట తీసినవి, కుక్క కెమెరా వైపు చూస్తున్నవి అయితే త్వరగా ఇల్లు దొరికినట్టు తేలింది. 2016లో వచ్చిన మరో అధ్యయనంలో, కరిచే జాతిగా పేరుపడ్డ పిట్‌బుల్ లాంటి కుక్క ఫొటోను జనానికి చూపించారు. పక్కన ఒక ముసలావిడో, పిల్లవాడో ఉంటే అదే కుక్క జనానికి ఇంకా మంచిదిగా కనిపించింది. ఆ జాతి కుక్కల తలకు పూల కిరీటాలు పెట్టి సోఫీ గమాండ్ అనే ఫొటోగ్రాఫర్ 2014 నుంచి తీసిన ఫొటోలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

జాలి పుట్టించే ఫొటోలంటే మాత్రం నాకు మనసొప్పదు. ఏడుపు ముఖం చూసి మనసు కరిగినవాళ్లు డబ్బు పంపుతారేమో కానీ, ఇంట్లో పదేళ్లు తోడుండే ప్రాణిని ఎంచుకోవడానికి జాలి ఒక్కటీ చాలదు. ఇంటికి రాగానే ఎదురొచ్చే ముఖం ఎలా ఉంటుందో వాళ్లకు తెలియాలి.

అలాగని ఫొటో అబద్ధం చెప్పకూడదు. ఒకసారి నేనే ఆ తప్పు చేశాను. ముందు కాలు ఈడ్చే కుక్కను, అది కనపడకుండా కూర్చోబెట్టి తీశాను. ఎంతో ఆశగా వచ్చిన కుటుంబం అది నడవడం చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. గేటు దాకా కుంటుకుంటూ వాళ్ల వెనకే వెళ్లింది అది. మరుసటి వారం దాన్ని నడుస్తుండగానే తీశాను, కాలు కనిపించేలా. చిన్న వీడియో కూడా జత చేశాం. ఇల్లు దొరకడానికి మూడు నెలలు పట్టింది, కానీ వచ్చినవాళ్లు అన్నీ తెలిసే వచ్చారు.

షెల్టర్ సిబ్బందిని తప్పుపట్టడం లేదు. బోనులు కడగడం, మందులు వేయడం, తిండి పెట్టడంతోనే వాళ్లకు పొద్దు గూకుతుంది. అందుకే ఇది బయటివాళ్లు పంచుకోవలసిన పని. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, లెన్స్ తుడిచిన ఫోన్ చాలు. ఫ్లాష్ ఆపాలి, కిందకి కూర్చోవాలి, తొందర పడకూడదు. నిర్వాహకులు చేయవలసిందల్లా ఫొటోలు తీసేవాళ్లకు వారంలో ఒక పూట గేటు తెరవడం, బోనులోంచి కుక్కను బయటికి తీసుకెళ్లనివ్వడం.

మీ పత్రికకూ ఒక విన్నపం. వారానికి ఒక్క కుక్కకు, అరచేతి పాటి చోటు ఇవ్వగలరా? ఫొటో, వయసు, గుణం గురించి రెండు వాక్యాలు, అంతే. ఫొటోలు తీసి పంపే బాధ్యత మా వాలంటీర్లం తీసుకుంటాం.

ఈ ఉత్తరం రాసేనాటికి మా షెల్టర్‌లో ఇరవై రెండు కుక్కలకు ఇంకా మొదటి రోజు ఫొటోనే ఉంది. వచ్చే ఆదివారం వాటిలో నాలుగింటిని బయటికి తీసుకెళ్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక షెల్టర్ వాలంటీర్