గుండె జబ్బు మనిషిని మంచానికి కట్టేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో హార్ట్ ఫెయిల్యూర్ (గుండె బలహీనపడి ఒంటికి సరిపడా రక్తం పంపలేకపోవడం) గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఉప్పు తగ్గించాలి, మందులు మానకూడదు, నీళ్లు కొలిచి తాగాలి, అన్నీ చక్కగా చెప్పి చివర్లో "పూర్తి విశ్రాంతి అవసరం" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ ఒక్క ముక్కే మా ఇంట్లో ఏడు నెలలు తినేసింది, అందుకే ఈ ఉత్తరం.

మాది పర్లాకిమిడి. ఉండేది ఒడిశాలోనైనా ఇంట్లో, వీధిలో తెలుగే, పక్కనే పాతపట్నం. మా నాన్న రిటైరైన పోస్ట్‌మ్యాన్. ముప్పై ఏళ్లు సైకిల్ మీద ఊళ్లు తిరిగిన మనిషి, పిక్కలు రోకలిబండల్లా ఉండేవి. రెండేళ్ల కిందట గుండె బలహీనపడిందన్నారు, ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ (గుండె నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకి బయటికి తోసే వంతు) 30 శాతం అని వచ్చింది. పది రోజులు ఆస్పత్రిలో ఉంచి, పంపించేటప్పుడు "రెస్ట్ ఇవ్వండి" అన్నారు. ఎంత రెస్ట్, ఎన్నాళ్లు, వాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంక చూడండి మా సేవలు! మంచం హాల్లోకి తెచ్చాం, మంచినీళ్లు మంచం దగ్గరికే, రిమోట్ చేతికే, ఆఖరికి గోళ్లు కూడా అమ్మే తీసేది. కాస్త లేచి వీధి అరుగు మీద కూర్చుంటే చాలు, మా మేనత్త "అన్నయ్యా, నువ్వెందుకు లేచావు, మేమందరం లేమా" అని లోపలికి తోలేసేది. పత్యం పేరు చెప్పి రెండు పూటలా జావ.

ఏడు నెలల తర్వాత మళ్లీ ఎకో తీస్తే 42 వచ్చింది. స్వీట్లు పంచడం ఒక్కటే తక్కువ. ఆ వారంలోనే ఒక రోజు ఆయన బాత్‌రూమ్‌లో కమోడ్ మీంచి లేవలేక, పిలవడానికి మొహమాటపడి, గోడ పట్టుకుని పావుగంట అలాగే కూర్చుండిపోయారు. అప్పటికే పంచె నడుం మీద నిలవక పైన బెల్టు పెట్టుకుంటున్నారు, మేం దాన్ని "ఒంట్లో నీరు తగ్గింది" అనుకుని సంతోషించాం.

విశాఖలో చూపించిన డాక్టరు గారు రిపోర్టులు పక్కన పెట్టి, ముందు పంచె మోకాలి పైకి తీయించి టేపుతో తొడ కొలిచారు. తర్వాత మామూలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని లేవమన్నారు. మొదటిసారి లేవలేకపోయారు. రెండోసారి ఊగి లేచారు, నాలుగోసారికి రొప్పుతున్నారు. "ఇది గుండె ఆయాసం ఒక్కటే కాదండీ, కాళ్ల ఆయాసం కూడా" అన్నారు ఆయన. కాళ్లకి ఆయాసమేంటా అని నేను మొహం చూశాను.

ఆయన చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది నాకు అర్థమైనట్టు రాస్తాను. గుండె సరిగ్గా కొట్టకపోతే కండకి రక్తం చాలదు, అది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, ఆ జబ్బుతో కండ కూడా చెడిపోతుంది. మన కండలో నెమ్మదిగా పనిచేస్తూ గంటలకొద్దీ అలసిపోని పోగులు కొన్ని, చటుక్కున పనిచేసి చటుక్కున అలసిపోయేవి కొన్ని ఉంటాయి. గుండె జబ్బులో మొదటి రకం తగ్గిపోయి రెండో రకం వంతు పెరుగుతుంది. ఆక్సిజన్ వాడుకుని శక్తి తయారుచేసే మైటోకాండ్రియా తగ్గుతాయి, పోగుల చుట్టూ ఉండే సన్నటి రక్తనాళాలూ తగ్గుతాయి. దాంతో నాలుగడుగులకే కండలో ఆమ్లం పేరుకుంటుంది, అక్కడి నరాలు మెదడుకి గోల పెడతాయి, మెదడు ఊపిరి వేగం పెంచేస్తుంది. మనం రొప్పుతున్న మనిషిని చూసి "గుండె ఆగేలా ఉంది, పడుకోబెట్టండి" అంటాం. పడుకోబెడితే కండ ఇంకా కరుగుతుంది, ఈసారి మూడడుగులకే రొప్పు. మందులతో గుండె కొంచెం కోలుకున్నా కాళ్లు వాటంతటవి కోలుకోవు. అందుకే ఎకోలో అంకె ఒకటి చెబుతుంది, మనిషి నడిచే దూరం ఇంకోటి చెబుతుంది. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లకి కూడా కొత్త గుండె వచ్చాక నెలల తరబడి కాళ్లు సహకరించవట.

పడుకోవడం ఎంత పని చేస్తుందో తెలియాలంటే 1966లో అమెరికాలోని డాలస్‌లో చేసిన ప్రయోగం చూడండి. ఏ జబ్బూ లేని ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం మీద ఉంచారు. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ వాళ్లనే పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు తగ్గించిన శక్తి కన్నా ఆ మూడు వారాల పడక తగ్గించిందే ఎక్కువని తేలింది. మరి డెబ్భైకి దగ్గర పడుతున్న మా నాన్నకి ఏడు నెలలు!

హార్ట్ ఫెయిల్యూర్ వాళ్లు వ్యాయామం చేస్తే ప్రమాదం కదా అని మీరు అడగొచ్చు. పంపింగ్ 35 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న 2,331 మంది మీద పెద్ద అధ్యయనం చేసి 2009లో ఫలితాలు చెప్పారు. వ్యాయామం వల్ల అదనపు ప్రమాదం కనపడలేదు, మనిషి తిరగగలగడం, జీవితం మీద తృప్తి పెరిగాయి. చావులు, ఆస్పత్రి చేరికలు మాత్రం పెద్దగా తగ్గలేదు, అదీ చెప్పాలి. వ్యాయామం మందుకి బదులు కాదు, మందు చేయలేని పని చేస్తుంది, అంతే.

మా దగ్గర ఎలా మొదలైందంటే, కుర్చీలోంచి లేచి కూర్చోవడం అయిదుసార్లు, పూటకోసారి. వీధిలో ఈ అరుగు నుంచి ఆ చివరి అరుగు దాకా నడక, మధ్యలో కూర్చోవడానికి అత్త ఇంటి ముందు ఒక స్టూలు (లోపలికి తోలిన అత్తే ఇప్పుడు స్టూలు వేసి కూర్చోబెడుతోంది). నాడి చూసి లెక్కపెట్టొద్దన్నారు, ఎందుకంటే గుండె వేగం తగ్గించే మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. మాట్లాడుతూ నడవగలగాలి, మాట తెగిపోతుంటే ఆగాలి, అదే కొలత. మొదటి వారం పెద్ద అడ్డంకి గుండె కాదు, నీటి మాత్ర. పొద్దున్నే వేసుకుంటే గంటలో మూడుసార్లు బాత్‌రూమ్‌కి పరుగు, ఇంక నడకెక్కడ? డాక్టరునడిగి మాత్ర వేళ మార్చుకున్నాం. జావ తగ్గించి గుడ్డు, పప్పు పెంచాం. ఎండుచేపలు, ఊరగాయ మాత్రం ఉప్పు వల్ల బంద్, దానికి ఆయన ఇప్పటికీ అలుగుతారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో చూస్తే మొదట 180 మీటర్లు, నాలుగు నెలలకి 310. ఇప్పుడు పాలప్యాకెట్ ఆయనే తెస్తారు.

అందరూ రేపే లేచి నడిచేయండని కాదు. కూర్చున్నా ఆయాసం వచ్చేవాళ్లు, మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగినవాళ్లు, కాళ్లు ఉబ్బుతున్నవాళ్లు, కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు, గుండె కవాటం బాగా ఇరుకైపోయినవాళ్లు ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. మా నాన్నకీ మొదలుపెట్టే ముందు పరీక్ష చేశారు.

అసలు కోపం ఇంకోటుంది. మొదటి ఆస్పత్రిలో ఇచ్చిన డిశ్చార్జి కాగితాల కట్ట మొన్న వెతికితే, అందులో మడతపెట్టిన ఒక షీటు దొరికింది. వ్యాయామాల బొమ్మలు, కింద ఒడియాలో వివరాలు, మిగతాది ఇంగ్లీషు. అంటే చెప్పలేదని కాదు, చెప్పింది మాకు చేరలేదు. నాన్న బజారులో ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవడం తెలుగే. మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో రాయండి బాబూ అని గిడుగు రామమూర్తి గారు పోట్లాడింది ఈ పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే. ఆ ఊళ్లోనే ఒక పోస్ట్‌మ్యాన్, మా నాన్న, తన చేతికొచ్చిన కాగితాన్ని చదువుకోలేకపోయారు. జీవితమంతా ఊరివాళ్ల ఉత్తరాలు అందించి, తనకొచ్చిన ఒక్క ఉత్తరం మాత్రం ఇంచుమించు రెండేళ్లు ఫైల్లోనే ఉండిపోయింది.

మీరు ఒక పని చేయండి. ఆ వ్యాసానికి సవరణ వేసి, గుండె వైద్యులతో, ఫిజియోథెరపిస్టులతో మాట్లాడి, హార్ట్ ఫెయిల్యూర్ వాళ్లు ఇంట్లో చేసుకోదగ్గ వ్యాయామాలు, ఎప్పుడు ఆపాలో, బొమ్మలతో అర పేజీ వేయండి. మీ పేపరు ఇక్కడికి కాస్త ఆలస్యంగా వచ్చినా వస్తుంది, కత్తిరించి మందుల షాపు గోడకి నేనే అంటిస్తాను. అక్షరాలు మాత్రం పెద్దవి వేయించండి, నాన్న కళ్లజోడు ఇంకా మార్చలేదు.

ఇట్లు
మీ పాఠకురాలు
పర్లాకిమిడి, గజపతి జిల్లా