తాతయ్య క్యాసెట్లలో వోలేటి గారు

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మలూ,

నేను పంపిన కల్యాణి రాగం విని, "ఎవరు నాన్నా ఈయన? ఇంత బాగా పాడితే నాకెందుకు తెలీదు?" అని అడిగావు. ఫోన్లో చెబితే తేలేది కాదు కనుక రాస్తున్నాను.

ఆయన వోలేటి వెంకటేశ్వర్లు గారు. 1928లో పుట్టి 1989లో పోయారు. మన విజయవాడ రేడియో స్టేషన్‌లో ఉద్యోగం. అదే స్టేషన్‌లో పనిచేసిన బాలమురళి గారి పేరు తెలియని తెలుగువాళ్లు ఉండరు. వోలేటి గారి పేరు మాత్రం సంగీతం తెలిసిన ఇళ్లలోనే మిగిలిపోయింది. అది విద్వత్తులో తేడా కాదమ్మా. ఆయన మద్రాసు వెళ్లి స్థిరపడలేదు. బజార్లో ఆయన క్యాసెట్లు పెద్దగా దొరికేవి కావు. రేడియోలో పాడితే ఆ పూట విన్నవాళ్లది అదృష్టం, పక్కన టేప్ రికార్డర్ పెట్టుకున్నవాళ్లది ఇంకా పెద్ద అదృష్టం.

మీ తాతయ్య పెట్టుకున్నారు. కచేరీ మొదలవుతుందంటే ఇంట్లో ఎవరూ గిన్నె చప్పుడు చేయకూడదు. సి-60 క్యాసెట్ ఒక వైపు అరగంటే కదా, నువ్వు విన్న కల్యాణిలో స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే భాగం, మధ్యలో పాట తెగిపోయింది అందుకే. తిప్పి పెట్టేలోపు పోయిన ఆ కాస్త ఇక దొరకదు.

మొదట్లో సాహిత్యం లేకుండా రాగం పాడే ఆ ఆలాపన ఇంకోసారి విను, ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. గాంధార స్వరం మీద ఎంతసేపు నిలబడతారో చూడు. ఎక్కడా తొందర లేదు. పైకి వెళ్లి నిషాదం దగ్గర ఆగి, షడ్జమం అందుకుంటారనుకుంటే అందుకోరు. మళ్లీ కిందికి దిగి, ఇంకో దారిలో వచ్చి, అప్పుడు అందుకుంటారు. వయొలిన్ కూడా ఆయన వెనకాలే ఊపిరి బిగబట్టి వచ్చినట్టుంటుంది. హిందుస్తానీ అంటే, ముఖ్యంగా బడే గులాం అలీఖాన్ గారి పాటంటే, ఆయనకు ప్రాణం. ఆ ఇష్టం గొంతులో తెలుస్తుంది. అయినా కల్యాణి కల్యాణిగానే ఉంటుంది. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

ఈ క్యాసెట్ వినే స్థితికి తేవడానికి చాలా అవస్థ పడ్డాను. లోపల టేపును హెడ్‌కి అదిమి పట్టే చిన్న ప్యాడ్ ఊడిపోయింది. పాడైన ఇంకో క్యాసెట్ విప్పి, దాని ప్యాడ్ తీసి ఇందులో పెట్టాను. తీరా చూస్తే మన ప్లేయర్ వేగంగా తిరుగుతోంది. వోలేటి గారి గొంతు సన్నబడింది, శ్రుతి పెరిగింది. ముందు నాకు అనుమానం వచ్చింది పాట వల్ల కాదు, కచేరీ మొదట్లో అనౌన్సర్ మాటలు హడావుడిగా వినిపించడం వల్ల. ఆ మాటలు మామూలు నడకకు వచ్చేదాకా వేగం తగ్గించాక, తంబురా నిండుగా మోగింది.

ఒక్క మాట. ఇందులో బుస ఎక్కువగా ఉందని సాఫ్ట్‌వేర్‌తో మొత్తం తీసేయకు. దాంతోపాటు తంబురా నాదం, ఆయన ఊపిరి కూడా పోతాయి. అసలు ఫైల్ ముట్టుకోకుండా దాచు, మార్పులన్నీ కాపీ మీద చెయ్యి. రాగం, కీర్తన, పక్కవాద్యం ఎవరన్నది ఫైల్ పేరులోనే రాయి. తాతయ్య అట్టమీద రాసిపెట్టకపోతే ఈ కచేరీ ఎవరిదో నాకూ తెలిసేది కాదు.

మన ఊరి స్టేషన్ 1948 డిసెంబర్ 1న మొదలైంది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు బాలమురళి గారు, అన్నవరపు రామస్వామి గారు, ఇంకా శ్రీరంగం గోపాలరత్నం గారు, బాలాంత్రపు రజనీకాంతరావు గారు, అందరూ ఇక్కడ పనిచేసినవాళ్లే. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని పాటలు వింటూ పెరిగినవాళ్లం మేము. అంతటి సంగీతంలో కొంత ఇప్పుడు మన ఊళ్లో, గుంటూరులో, ఎవరెవరి అటకల మీదో ఉంది. ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్లవాడికి వేసేస్తున్నారు. నాకు నిజంగా నిద్ర పట్టనిది అక్కడే.

బ్రాడీపేటలో మీ అత్తయ్య వాళ్ల మామగారి క్యాసెట్ల పెట్టె ఒకటుంది. అందులో గోపాలరత్నం గారివి ఉన్నాయంటోంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి తీసుకురా. కనుమ మర్నాడు ఇద్దరం గుంటూరు వెళ్దాం. నీ స్నేహితుల ఇళ్లలో కూడా అడుగు, ఏ పేరూ రాయనివైనా సరే, పారేయొద్దని చెప్పు.

ప్రేమతో,
నాన్న