పామాయిల్ పొలాల్లో వేద్దాం, అడవుల్లో వద్దు

సంపాదక మహాశయులకు,

పామాయిల్ సాగు పెంచాలని మీ పేజీల్లో తరచూ వార్తలు వస్తున్నాయి, సంతోషమే. మాది ఏలూరు జిల్లా, మాకూ తోట ఉంది, గెలల డబ్బుతోనే ఇల్లు గడుస్తోంది, కాబట్టి నన్ను ఈ పంటకు వ్యతిరేకిని అనుకోవద్దు. కానీ ఇది అడవిలోకి వెళ్తే ఏమవుతుందో పపువా న్యూగినీలో ఇప్పటికే తేలిపోయింది. ఆ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తడం లేదు.

అక్కడి ఓరో రాష్ట్రంలో క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్ అనే సీతాకోకచిలుక ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్దది. ఆడది రెక్కలు చాపితే పాతిక సెంటీమీటర్లు దాటుతుంది, అంటే జానెడు మించే. గోధుమ రంగు రెక్కల మీద మీగడ రంగు మచ్చలుంటాయి. మగది కాస్త చిన్నది, నీలం ఆకుపచ్చ కలిసి మెరుస్తుంది. చెట్ల తలల మీద ఎగురుతుంది కాబట్టి 1906లో ఆల్బర్ట్ మీక్ అనే ఆయన దీన్ని మొదటిసారి దింపింది వలతో కాదు, తుపాకీతో కాల్చి!

మన ఊళ్లలో మందుకు వాడే ఈశ్వరి తీగ ఉంది కదా, దాని కుటుంబానికి చెందిన అడవి తీగే దీని గొంగళిపురుగుకు తిండి, వేరే ఆకు ముట్టదు. ఆ తీగ పెద్ద చెట్లను పట్టుకుని పైకి పాకాలి. పామాయిల్ తోటలో ఎక్కడ పాకుతుంది? మా తోటలోనే చూస్తున్నాం, నరికిన మట్టలు వరసల మధ్య పరుస్తాం, పాదుల్లో మొలిచిందల్లా పీకేస్తాం, మహా అయితే మధ్యలో కోకో వేస్తాం. 1951లో అక్కడి లామింగ్టన్ అగ్నిపర్వతం పేలి ఈ సీతాకోకచిలుక ఉండే అడవి కొంత మాడిపోయింది, మిగిలినదాన్ని 1970ల తర్వాత పామాయిల్ తోటలు తినేస్తూ వచ్చాయి. ఈ సీతాకోకచిలుకను పట్టకూడదని 1960ల నుంచే నిషేధం ఉంది, విదేశాలకు అమ్మడమూ బంద్. ఏం లాభం? పురుగు తినే తీగే పోయాక వల వేసేవాణ్ణి పట్టుకుని ఏం చేస్తాం?

ఇప్పుడు మన సంగతి. 2021లో కేంద్రం 11,040 కోట్లతో పామాయిల్ మిషన్ పెట్టింది. కొత్తగా 6.5 లక్షల హెక్టార్లలో నాటాలన్నారు, అందులో సగం, 3.28 లక్షల హెక్టార్లు, ఈశాన్య రాష్ట్రాల్లోనే. అండమాన్ మీద కూడా ప్రత్యేక దృష్టి అన్నారు. ఈ రెండు చోట్లా ఆ సీతాకోకచిలుకకు చుట్టాలైన మన దేశపు బర్డ్‌వింగ్‌లు ఉన్నాయి, ముందు రెక్కలు నలుపు, వెనక రెక్కలు నిండు పసుపు. లిటిల్ అండమాన్‌లో ఇంతకుముందే సుమారు 1,600 హెక్టార్ల అడవి తీసేసి పామాయిల్ వేశారు, చివరికి 2002లో సుప్రీంకోర్టు ఆ దీవుల అడవుల్లో అలాంటి ఏకపంట తోటలు వద్దంది. అది అయిపోయిన కథ అనుకుంటే మళ్లీ దీవుల పేరే వినిపిస్తోంది.

గోదావరి జిల్లాల్లో మనం వేసింది ఎక్కువగా అప్పటికే సాగులో ఉన్న భూముల్లో. దేశంలో వచ్చే గెలల్లో సింహభాగం మన రెండు తెలుగు రాష్ట్రాలవేనంటే అడవి ముట్టకుండానే ఈ పంట నడుస్తుందని తెలియడం లేదా? మొక్కకు సబ్సిడీ ఇచ్చే ముందు ఆ సర్వే నంబర్లో పదేళ్ల కిందట ఏముందో చూడాలి, ఉపగ్రహ చిత్రాలు ప్రభుత్వం దగ్గర ఉన్నవే. అడవి ఉందని తేలితే సబ్సిడీ ఇవ్వకూడదు, మా పక్క ఏజెన్సీ కొండలకూ ఇదే రూలు ఉండాలి. టన్ను ధర గురించి ఈసారి అధికారులను కలిసినప్పుడు మీ విలేకరులు ఈ ప్రశ్న కూడా అడిగి, వాళ్లేమన్నారో వేయండి.

- ఒక పామాయిల్ రైతు, ఏలూరు జిల్లా